ముద్ర వేయించొద్దమ్మా, ముందు మెమోకు జవాబు రాయండి

ప్రశ్న:

అన్నా, మాది తాడిపత్రి దగ్గర. మా ఆయన ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు సారు. 2002లో ఉద్యోగంలో చేరినారు. వయసు 49. పద్నాలుగు నెలల కిందట పొద్దున బడికి పోదామని బండి స్టార్ట్ చేయబోయి అట్లే పక్కకు ఒరిగిపోయినారు. అనంతపురం పెద్దాసుపత్రికి, అక్కణ్ణుంచి బెంగళూరుకు తీసుకుపోయినాం. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి, మాట పోయింది. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తారు. చెయ్యి ఇంకా రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదే నోటికి రాదు. నీళ్లు కావాలంటే గ్లాసు చూపిస్తారు. కానీ మొన్న మా చిన్నది పద్యం అప్పజెబుతా మధ్యలో ఆగిపోతే, మిగతా రెండు పాదాలు ఈయన గడగడా చెప్పేసినారు. ఇంట్లో అందరం ఏడ్చినాం.

సెలవు చీటీలు, డాక్టరు సర్టిఫికెట్లు మా మరిది హెడ్మాస్టరు గారికి వాట్సాప్‌లో పంపేవాడు. మొదటి నెలలు జీతం వచ్చింది. ఏడు నెలల నుంచి రాలేదు. పోయిన వారం మెమో వచ్చింది. ఏడాదికి మించి అనుమతి లేకుండా రాలేదు కాబట్టి రాజీనామా చేసినట్టు ఎందుకు అనుకోకూడదో 15 రోజుల్లో చెప్పాలంట. ఆఫీసుకు పోయి అడిగితే ‘మెడికల్ ఇన్‌వాలిడేషన్ పెట్టుకోండి, పిల్లోడికి ఉద్యోగం వస్తుంది, లేకపోతే రెండూ పోతాయి’ అన్నారు. జబ్బు వల్ల ఇక పని చేయలేరని ముందే రిటైర్ చేయడమంట అది. ‘నేను ఏ పనీ చేయలేను, నా ఇష్టప్రకారం రిటైర్ చేయండి’ అని టైపు చేసిన కాగితం చేతికిచ్చి, ఈయన ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకొని రమ్మన్నారు. మా బావగారు వేయించెయ్యమంటున్నారు. పిల్లోడిది డిగ్రీ ఆఖరి ఏడాది. రాత్రి ఆ కాగితం ఈయనకు చూపిస్తే చదివి, తల అడ్డంగా ఊపి, తిరగేసి పెట్టినారు. ఏం చేయాలన్నా?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం ఆఖర్న రాసిన సంగతి దగ్గరే మొదలుపెడతాను. ఆయన కాగితం చదివారు, తల అడ్డంగా ఊపారు, తిరగేసి పెట్టారు. మాట రాకపోయినా ‘వద్దు’ అని చెప్పేశారు కదా. ఉద్యోగం ఆయనది. ఉంచుకోవాలో వదులుకోవాలో ఆయనే చెప్పాలి. ఆఫీసుకు గానీ, మీ బావగారికి గానీ, ఆమాటకొస్తే మీకు గానీ ఆ హక్కు లేదు. బతిమాలో, వేలు పట్టుకొనో ముద్ర వేయిస్తే అది రేపు మీ మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి వేయించొద్దు. అలాగని కోపంతో ఆ కాగితం చించెయ్యకండి. ఉద్యోగి అడక్కముందే ఆయన పేరు మీద ‘నా ఇష్టప్రకారం’ అని ఆఫీసే టైపు చేసిన కాగితం అది. ఎవరిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో వెనక పెన్సిల్‌తో రాసి బీరువాలో పెట్టండి. ఎప్పుడో ఒకప్పుడు అక్కరకు వస్తుంది.

ఇక మెమో. మీకిచ్చిన 15 రోజుల్లో వారం అప్పుడే గడిచిపోయింది. ఇది చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి జవాబు పని మొదలుపెట్టండి. ఏం రాయాలో చెబుతాను. అయితే మన చేతిలో ఏముందో తెలిస్తే రాసేటప్పుడు చెయ్యి వణకదు, అందుకని చట్టం సంగతి ముందు.

2016లో పార్లమెంటు దివ్యాంగుల హక్కుల చట్టం చేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 20వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్. ఈ నంబరు చీటీ మీద రాసి గోడకు అంటించుకున్నా తప్పులేదు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ఏ ప్రభుత్వ సంస్థా ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని ఇక చేయలేకపోతే అదే పే స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో ఇంకో పోస్టుకు మార్చాలి. అలా సర్దడానికి పోస్టు లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే ఉన్న పోస్టుల లెక్కకు అదనంగా ఆయన కోసమే చూపించే పోస్టులో ఉంచాలి. తగిన పోస్టు దొరికేదాకా గానీ, రిటైర్మెంటు వయసు దాకా గానీ, ఏది ముందు వస్తే అంతవరకు. మన రాష్ట్రంలో ఆ వయసు 2022 జనవరి నుంచి 62. సారుకు 49. పదమూడేళ్లమ్మా.

ఇక్కడ ఒక అడ్డుపుల్ల వేస్తారు, ముందే చెబుతున్నాను. ‘వైకల్యం 40 శాతం ఉంటేనే ఇదంతా’ అంటారు. 40 శాతం లెక్క ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కు, కొన్ని పథకాలకు. ఈ ఉపసెక్షన్‌లో ‘వైకల్యం’ అని ఉంది, శాతం లేదు. ఎవరైనా ఆ మాటంటే సెక్షన్ ప్రింటు తీసి ముందు పెట్టి, ఎక్కడుందో చూపించమనండి.

ఆ చట్టం చివరి షెడ్యూల్లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. కాలు చేతుల కదలికకు సంబంధించినది ఒకటి. మాట, భాషకు సంబంధించిన వైకల్యం ఇంకొకటి, దాని నిర్వచనంలో అఫేసియా అని పేరు పెట్టి మరీ రాశారు. సారు లక్షణాలు చూస్తే అదే అనిపిస్తుంది, డిశ్చార్జి సమ్మరీలో ఆ మాట ఉందేమో చూడండి. అర్థం చేసుకునే శక్తి ఉంటుంది, మాట కూర్చుకునే శక్తి దెబ్బతింటుంది. చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యమో, ఎక్కమో, పాటో మాత్రం చాలామందికి తడబడకుండా వస్తుంది. పాప పద్యం ఆపిన చోట ఆయన అందుకోవడం అందువల్లే. స్పీచ్ థెరపీ చేసేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి, దాన్ని పట్టుకొని వాళ్లు పని చేయించగలరు. ఇంకో కారణానికీ ఇది ముఖ్యం. మాట రానివాణ్ణి చూసి మతి లేదనుకోవడం మన ఆఫీసుల్లో చాలా తేలిగ్గా జరిగిపోతుంది. ఫైల్లో ఎవరో ఒకరు ‘మానసిక స్థితి సరిగా లేదు’ అని ఒక్క ముక్క రాశారంటే దాన్ని తుడపడానికి ఏళ్లు పడుతుంది.

సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు ఒకటుంది. భగవాన్ దాస్ వర్సెస్ పంజాబ్ విద్యుత్ బోర్డు. ఆయన అసిస్టెంట్ లైన్‌మన్. ఉద్యోగంలో ఉండగా రెండు కళ్లూ పోయాయి. ‘నన్ను రిటైర్ చేసి నా భార్యకు ఉద్యోగం ఇవ్వండి’ అని తనే ఉత్తరం రాశాడు. బోర్డు రిటైర్ చేసేసింది. తర్వాత కోర్టుకు పోతే ‘అతనే అడిగాడు కదా’ అన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చూపు పోయి, దిక్కుతోచని స్థితిలో, తన హక్కేమిటో తెలియక రాసిన ఉత్తరం అది, ఉద్యోగంలో ఉండే హక్కు నీకుందని అధికారులే అతనికి చెప్పి ఉండాల్సింది అని, సర్వీసులోనే ఉన్నట్టు లెక్కగట్టమంది. మీ ఇంట్లో ఉన్న టైపు కాగితానికీ ఆ ఉత్తరానికీ తేడా ఒక్కటే. ఆయన తనే రాశాడు, మీకు ఆఫీసు వాళ్లు రాసిచ్చారు.

అంతకుముందు 2003లో కునాల్ సింగ్ కేసు. కాలు తీసేసిన కానిస్టేబుల్‌కు ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చి పంపేశారు. పెన్షన్ ఇచ్చినంత మాత్రాన ఉద్యోగ రక్షణ పోదని కోర్టు చెప్పింది. ఈ రెండూ పాత 1995 చట్టం 47వ సెక్షన్ కింద వచ్చిన తీర్పులు. ఆ రక్షణే ఇప్పుడు 20వ సెక్షన్‌లోకి వచ్చింది. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులో కూడా, రంగులు గుర్తుపట్టలేడని రిటైర్ చేసిన మనిషికి వేరే పని చూపించమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

నా తప్పొకటి ఇక్కడ ఒప్పుకోవాలి. నేను కర్నూలు జిల్లాలో 30 ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలో, అంటే ఉద్యోగుల సర్వీసు ఫైళ్లు చూసేచోట కూర్చున్నవాణ్ణి. ఏ ఆఫీసో చెప్పను. మా దగ్గర ఒక వాచ్‌మన్‌కు షుగర్‌తో చూపు పోయింది. అతని ఇన్‌వాలిడేషన్ దరఖాస్తు టైపు చేసింది నేనే. వేలు స్టాంపు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద ఎక్కడ పెట్టాలో పట్టుకొని పెట్టించిందీ నేనే. లేచి పోతా ‘శానా మేలు చేసినావు సామీ’ అన్నాడు. అప్పటికే 1995 చట్టం ఉంది, 47వ సెక్షన్ ఉంది. నాకు తెలియదు, మా పైవాళ్లూ చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పంజాబ్ తీర్పు చదివినప్పుడు ఆ ఊదా ఇంకు అంటిన వేలే కళ్ల ముందు మెదిలింది. అందుకని మీ ఆఫీసు వాళ్లను దుర్మార్గులని నేను అనలేను. పాత ఫైలు తీస్తారు, అందులో ఉన్న ఫార్మాటు కాపీ కొడతారు. వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే. మీరు చట్టం నంబరు వేసి కాగితం పెడితే సగం మంది నిజంగానే వెనక్కి తగ్గుతారు.

‘పిల్లోడికి ఉద్యోగం’ అనే మాట దగ్గర ఎన్ని కుటుంబాలు జారిపోయాయో చూశాను. కారుణ్య నియామకం, అంటే ఉద్యోగి బదులు ఇంటి మనిషికి ఇచ్చే ఉద్యోగం, హక్కు కాదని సుప్రీంకోర్టు 1994 నుంచీ చెబుతూనే ఉంది. అది ఉన్నపళంగా రోడ్డున పడ్డ కుటుంబానికి ఇచ్చే ఆసరా మాత్రమే. మెడికల్ ఇన్‌వాలిడేషన్ కేసుల్లో ఏ జబ్బు, ఎంత సర్వీసు మిగిలి ఉండాలి అని షరతులు ఉంటాయి, కమిటీ ఒప్పుకోవాలి, ఖాళీ ఉండాలి. ముందు సారు ఉద్యోగం పోతుంది, అది ఖాయం. ఆ తర్వాత పిల్లోడి ఫైలు కదులుతుంది, దానికి మాత్రం ఎవరూ రాతపూర్వకంగా హామీ ఇవ్వరు. ‘పిల్లోడికి ఉద్యోగం ఇస్తామని కాగితం మీద రాసివ్వండి సార్’ అని ఒక్కసారి అడిగి చూడండి, వాళ్ల ముఖంలోనే జవాబు దొరుకుతుంది.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. సారు 2004 సెప్టెంబరు 1 కంటే ముందు చేరారు కాబట్టి పాత పెన్షన్ పరిధిలో ఉన్నారు, అది అదృష్టం. కానీ ఆ పెన్షన్ సర్వీసు ఏళ్లను బట్టి ఉంటుంది, 33 ఏళ్లకు పూర్తిగా వస్తుంది. ఇప్పుడు దిగిపోతే ఆ మేరకు తగ్గుతుంది, అదీ ఇప్పటి మూలవేతనం మీద. పదమూడేళ్ల జీతం, ఇంక్రిమెంట్లు, మధ్యలో వచ్చే పీఆర్సీలు (వేతన సవరణలు) అన్నీ వదులుకున్నట్టే. మీ పిల్లోడికి ఎంట్రీ లెవెల్లో గుమాస్తా ఉద్యోగం వచ్చినా అది పూడదు. ఒకవేళ రేపు ఆరోగ్యం ఇంకా దిగజారి, సారే ‘ఇక చాలు’ అని తల ఊపితే అప్పుడు ఇన్‌వాలిడేషన్ గురించి ఆలోచించుకోవచ్చు. అలా దిగిపోయినవాళ్లను నేను తప్పుపట్టను. ఇన్నేళ్ల సర్వీసు మిగిలి ఉండగా ఈ వారమే తేల్చాల్సిన అవసరం మాత్రం లేదు.

ఇప్పుడు మెమో దగ్గరికి వద్దాం. ఏడాదికి మించి అనుమతి లేకుండా రానివాళ్లు రాజీనామా చేసినట్టు లెక్క అనే నిబంధన మన రాష్ట్ర సెలవు రూల్సులో 2007 నుంచి ఉంది. కాబట్టి మెమో ఇవ్వడమే తప్పని వాదించకండి. అయితే అదే నిబంధనలో, ఉద్యోగికి కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. మీ చేతిలో ఉన్న మెమో ఆ అవకాశమే. దాన్ని వదిలేస్తే ‘అవకాశం ఇచ్చాం, జవాబు రాలేదు’ అని రెండు లైన్లు రాసి ఫైలు మూసేస్తారు.

మొత్తం వ్యవహారం ‘అనుమతి లేకుండా’ అనే మాట మీద నడుస్తుంది. మీరు సెలవు అడిగారు. వాళ్లు ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. సెలవు చీటీ తమ దగ్గరే పెట్టుకొని, అనుమతి లేదనడం ఏం న్యాయం? డాక్టరు సర్టిఫికెట్ మీద అనుమానం ఉంటే మెడికల్ బోర్డుకు పంపి ఉండొచ్చు, పంపలేదు. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జబ్బు, ఆసుపత్రి లాంటి తప్పనిసరి కారణాలతో రాలేకపోతే దాన్ని కావాలని మానేసినట్టు చూడకూడదు, కావాలనే మానేశాడని తేలకుండా దుష్ప్రవర్తన అనకూడదు.

వాళ్లు శిక్ష దారి పట్టినా మెమోకూ తొలగింపుకూ మధ్య చాలా మెట్లు ఉన్నాయి. రాజ్యాంగం 311వ అధికరణ ప్రకారం అభియోగాలు చెప్పి, విచారణ జరిపి, తన వాదన చెప్పుకోనివ్వకుండా ప్రభుత్వ ఉద్యోగిని తొలగించడానికి లేదు. 1991 సీసీఏ రూల్సు, అంటే మన రాష్ట్ర ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు, వాటి 20వ రూలులో ఆ పద్ధతి ఉంది. ఛార్జిమెమో, దాని వెంట పత్రాలు, సాక్షుల జాబితా, విచారణాధికారి, మన తరఫున మాట్లాడటానికి ఇంకో ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకునే వీలు, ఆఖర్న విచారణ నివేదిక కాపీ. ఆ కాపీ ఇచ్చి, దాని మీద మన జవాబు తీసుకున్నాకే శిక్ష వేయాలని 1993లో హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో తేల్చారు. సారు విషయంలో ఇంకోటి కూడా అడగాలి. నోటితో చెప్పలేని మనిషిని నిలబెట్టి ‘నీ సమాధానం ఏమిటి’ అంటే దాన్ని విచారణ అనరు. రాతలో అడగాలి, సైగను నమోదు చేయాలి, ఆయన భాష తెలిసిన మీలాంటివాళ్లను పక్కన ఉండనివ్వాలి.

జవాబు రెండు పేజీలు దాటనివ్వకండి. ఆవేశం వద్దు, తేదీలు కావాలి. ఏ రోజు పడిపోయారు, ఏ ఆసుపత్రిలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ తేదీన ఏ సెలవు చీటీ ఎవరికి పంపారు. ఆ తర్వాత ఇలా రాయొచ్చు:

‘నా గైర్హాజరు పూర్తిగా పక్షవాతం వల్ల. సెలవు దరఖాస్తులు, వైద్య ధ్రువపత్రాలు ఎప్పటికప్పుడు పంపాను. వాటిని తిరస్కరించినట్టు నాకు ఏ ఉత్తర్వూ రాలేదు. ఆ కాలాన్ని నా ఖాతాలో ఉన్న సెలవుగా మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. నాకు సర్వీసులో ఉండగా వైకల్యం కలిగింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 20(4) ప్రకారం నన్ను సర్వీసులో కొనసాగించి, నేను చేయగలిగిన పనిలో అదే వేతన స్కేలుతో నియమించవలసిందిగా కోరుతున్నాను. నేను రాజీనామా చేయలేదు. మెడికల్ ఇన్‌వాలిడేషన్ కోరడం లేదు.’

ఆఖరి రెండు వాక్యాలు మరిచిపోకండి. వాట్సాప్ మెసేజీలన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ప్రింట్లు జత చేయండి. నిజం చెప్పాలంటే మీ కేసులో బలహీనమైన చోటు ఇదే. సెలవు చీటీ కాగితం మీద ఇచ్చి ముద్ర వేయించుకొని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. జరిగిందేదో జరిగింది. ఇక మీ మరిది ఆ ఫోను మార్చకుండా, ఫార్మాట్ కొట్టకుండా చూసుకోండి. చాటింగ్ డిలీట్ అయితే ఈ కేసు నడుం విరుగుతుంది.

సంతకం సంగతి. కుడిచెయ్యి పని చేయదు కాబట్టి ఎడమచేత్తో గీత లాంటి సంతకమైనా చాలు, లేదా బొటనవేలి ముద్ర. గెజిటెడ్ అధికారి ఎవరైనా దాన్ని అటెస్ట్ చేస్తే మంచిది. కింద మీరు ‘పైన రాసినది నా భర్తకు చదివి వినిపించాను, ఆయన అర్థం చేసుకొని అంగీకరించారు’ అని రాసి సంతకం పెట్టండి. న్యూరాలజిస్టు దగ్గర ఒక చిన్న సర్టిఫికెట్ తీసుకోండి: విషయం అర్థం చేసుకోగలరు, నిర్ణయం చెప్పగలరు, మాట మాత్రమే దెబ్బతింది అని. వైకల్యం ఉన్నంత మాత్రాన తన వ్యవహారాలు తను చూసుకునే హక్కు పోదని అదే చట్టం 13వ సెక్షన్‌లో ఉంది.

డాక్టరు కాగితం గురించి ఇంకో మాట, దీన్ని ఎవరూ చెప్పరు. ‘అన్‌ఫిట్’ అనే ముక్క కోసం మీరే డాక్టరును బతిమాలకండి. సెలవు దొరుకుతుందని చాలామంది అలా రాయించుకుంటారు, చివరికి ఆఫీసు ఆ ముక్కనే ఇన్‌వాలిడేషన్‌కు వాడుకుంటుంది. ఏం చేయలేరో రాసేటప్పుడు ఏం చేయగలరో కూడా రాయమనండి. ఎన్ని గంటలు కూర్చోగలరు, కర్రతో ఎంత దూరం నడవగలరు, చదవగలరా, ఎడమచేత్తో కంప్యూటర్ వాడగలరా. ఆ నాలుగు లైన్ల మీదే కొత్త పోస్టు నిర్ణయమవుతుంది.

జవాబు నేరుగా పోయి ఇవ్వండి. రెండు కాపీలు తీసుకుపోండి. తపాలు సెక్షన్లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోండి. ‘సారు చూసి పిలుస్తారు, పెట్టి పోండి’ అంటే ముద్ర పడేదాకా అక్కడే కూర్చోండి. వాళ్లు ఎంతకూ వేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు ఆన్‌లైన్‌లో వచ్చేది ప్రింటు తీసుకోండి.

దీంతో పాటే సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష) స్లాటుకు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టండి. కదలిక వైకల్యం, మాట వైకల్యం రెండూ పరీక్షించమని అడగండి. చాలామంది కాలు చెయ్యి చూపించి వచ్చేస్తారు, మాట సంగతి ఎవరూ రాయరు. డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు అసలువి తీసుకుపోండి, జిరాక్సు సెట్టు ఇంట్లో పెట్టుకోండి. సర్టిఫికెట్ వచ్చేదాకా మెమో జవాబు ఆపకండి. ‘దరఖాస్తు చేశాం, రాగానే సమర్పిస్తాం’ అని రాస్తే సరిపోతుంది.

జీతం విషయం. సగం జీతం సెలవు ఏడాదికి 20 రోజుల చొప్పున జమ అవుతుంది. 22 ఏళ్లకు 440 రోజులు. జబ్బు కారణంగా దాన్ని కమ్యూట్ చేసుకుంటే, అంటే మార్చుకుంటే, రెండు రోజులకు ఒక రోజు లెక్కన పూర్తి జీతం వస్తుంది, అంటే ఏమీ వాడుకోకపోతే 220 రోజులు. సర్వీసు మొత్తంలో 240 రోజుల దాకా అలా తీసుకోవచ్చు. మొదట్లో వాడింది పోను ఎంత మిగిలిందో సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. నోటిమాటగా అడిగితే చెప్పరు, సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టి సెలవు ఖాతా కాపీ, పెండింగ్ దరఖాస్తుల మీద ఫైల్లో రాసిన నోట్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

ఏ పని అడగాలి? ఇప్పటికిప్పుడు క్లాసులో పాఠం చెప్పలేరు, అది ఒప్పుకోవాలి. కానీ తెలుగు సారు చేతికి ఎర్ర పెన్ను ఇస్తే తప్పు దిద్దలేరా? లైబ్రరీ, రికార్డులు, పరీక్షల పని, ఇలాంటివి మీరే రాసిస్తే వాళ్లకు ఆలోచించే శ్రమ తగ్గుతుంది. కింది అంతస్తులో గది, ఇంటికి దగ్గర బడి, పట్టుకోవడానికి కడ్డీ ఉన్న బాత్రూము కూడా అడగండి. తగిన సదుపాయాలు కల్పించడం సంస్థ బాధ్యతని 20వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లోనే ఉంది.

జవాబిచ్చినా కదలిక లేకపోతే, లేదా తీసేస్తున్నట్టు ఉత్తర్వు వస్తే ఆలస్యం చేయొద్దు. ప్రతి ప్రభుత్వ సంస్థలో దివ్యాంగుల ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని 23వ సెక్షన్ చెబుతుంది. నమోదు చేసిన రెండు వారాల్లో ఆయన విచారించాలి. అక్కడ తేలకపోతే జిల్లా కమిటీ, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. కమిషనర్ సిఫారసు చేస్తే ఏం చర్య తీసుకున్నారో ఆ శాఖ మూడు నెలల్లో చెప్పాలి. ఉద్యోగుల ట్రైబ్యునల్ మనకు ఇప్పుడు లేదు కాబట్టి తొలగింపు ఉత్తర్వు మీద హైకోర్టులో రిట్ వేయాలి. కర్నూలులో బెంచి కోసం 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది, అది వచ్చినప్పుడు వస్తుంది. మీరు దానికోసం చూస్తూ కూర్చోలేరు. లాయరు ఖర్చుకు బెదరకండి. వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. అనంతపురం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోనులో అయితే 15100.

మీ బావగారితో గొడవ పెట్టుకోకండి. ఏడు నెలలు జీతం లేని తమ్ముడి ఇల్లు చూసి భయపడి అలా అంటున్నారు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించి, తపాలు సెక్షన్లో ముద్ర వేయించే పని ఆయనకే అప్పగించండి. ఆఫీసు దగ్గర గట్టిగా నిలబడే మనిషి ఒకరు పక్కన కావాలి, అది ఆయన అయితే ఇంకా మంచిది.

జవాబు చిత్తు రాసిన రాత్రి దాన్ని సారు ముందు పెట్టండి. నిదానంగా చదవనివ్వండి. ఆయన తెలుగు సారు కదా, ఒత్తు తప్పినా దీర్ఘం తప్పినా ఆ ఎడమచేతి వేలు అక్కడే ఆగుతుంది. దిద్దాక సాపు రాయించి, ఇన్‌వార్డ్ నంబరు పడిన రోజు నాకో కార్డు ముక్క రాయండి.